కంప్యూటర్ చీటీ తీయగలదా?



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికివచ్చే పాఠం ఒకటి రాసి పంపమని వార్డెన్ సార్ అడిగారు. నేను ఈ హాస్టల్లోనే ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు చదువుకున్నాను. తరువాత పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి, ఇప్పుడు సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. నా పనిలో తరచూ ఎదురయ్యే ఒక విషయాన్ని మీకు అర్థమయ్యేలా చెప్పాలని ఈ ప్రయత్నం. దానికి ముందు మన హాస్టల్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా సైన్స్ ఫెయిర్‌కు మన హాస్టల్ నుంచి ఇంకొక్కరు వెళ్లవచ్చని కబురు వచ్చింది. పదకొండు మంది పేర్లిచ్చారు. చీటీలు వేద్దామన్నారు సార్. నా చేతిరాత బాగుంటుందని చీటీలు రాసే పని నాకు అప్పజెప్పారు. నోటుబుక్కు కాగితం చింపి, పదకొండు పేర్లు రాసి, మడిచి స్టీలు గ్లాసులో వేశాను. ఆరో తరగతి పిల్లవాడొకడు కళ్లు మూసుకుని ఒక చీటీ తీశాడు. నా పెట్టె పక్కనే పెట్టె పెట్టుకునే స్నేహితుడి పేరు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అందులో మోసం ఉందని నా ఒక్కడికే తెలుసు. పది చీటీలను నాలుగేసి మడతలు పెట్టాను. నా స్నేహితుడి చీటీని మాత్రం రెండే మడతలు పెట్టి పైన వేశాను. గ్లాసులో చెయ్యి పెట్టిన ఎవరికైనా ముందు తగిలేది అదే. నిజంగా నెల రోజులు కష్టపడి నీటి పంపు నమూనా చేసుకున్న కుర్రాడు ఆ ఏడాది ఫెయిర్‌కు వెళ్లలేకపోయాడు.

చూసేవాళ్లకు అది చీటీయే. కానీ ఫలితం ముందే తెలిసిపోయిన చీటీ. కంప్యూటర్ల లోకంలో ఇదే తప్పు జరిగితే పోయేది ఒక్క ప్రయాణం కాదు, వేలమంది తాళంచెవులు. ఆ తప్పు ఎలా జరుగుతుందో, జరగకుండా ఏం చేస్తారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. కంప్యూటర్‌కు చీటీలతో ఏం పని?

గణితంలో సంభావ్యత పాఠం చదివినవారికి యాదృచ్ఛిక ప్రయోగం అంటే తెలుసు. నాణెం ఎగరేయడం, పాచిక వేయడం అలాంటివే. అలా వచ్చిన, ముందుగా ఎవరూ ఊహించలేని సంఖ్యను యాదృచ్ఛిక సంఖ్య అంటాం. ఇంగ్లీషు మాటలో ర్యాండమ్ నంబర్.

కంప్యూటర్‌కు ఇది ఆటల్లో పేకముక్కలు కలపడానికే కాదు, ఇంకా పెద్ద పనులకు కావాలి. బ్యాంకు నుంచి ఫోనుకు వచ్చే ఆరంకెల ఓటీపీ అలాంటి సంఖ్యే. మీ స్కాలర్‌షిప్ డబ్బు పడిన ఖాతాను ఫోన్లో చూసుకుంటే, మీ ఫోనుకూ బ్యాంకు కంప్యూటర్‌కూ మధ్య వెళ్లే మాటలు ఒక రహస్య సంఖ్యతో తాళం వేసి వెళ్తాయి. ఆ సంఖ్యను కీ అంటారు, అంటే తాళంచెవి. దాన్ని అప్పటికప్పుడు కంప్యూటర్లే తయారు చేసుకుంటాయి. తాళం ఎంత గట్టిదైనా చెవి ఎలా ఉంటుందో దొంగకు తెలిస్తే ఆ తాళం ఉండీ లేనట్లే. కాబట్టి ఆ సంఖ్యను ఎవరూ ఊహించలేకపోవడమే మొత్తం భద్రతకు పునాది.

2. లెక్క చేసి చీటీ తీస్తే ఏమవుతుంది?

కంప్యూటర్ చెప్పింది చేసే యంత్రం. ఒకే లెక్కను ఎన్నిసార్లు ఇచ్చినా ఒకే జవాబు చెప్పాలి. అదే దాని గొప్ప. చీటీ తీయమన్నప్పుడు అదే దాని లోపం.

అయినా లెక్కతోనే చిందరవందరగా కనిపించే సంఖ్యలు పుట్టించే పద్ధతులు ఉన్నాయి. కాగితం తీసుకుని ఇది చేసి చూడండి. ఒక సంఖ్యను 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించండి. వచ్చిన శేషమే తరువాతి సంఖ్య. 7తో మొదలుపెడితే:

7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, మళ్లీ 7.

0 నుంచి 15 వరకు అన్ని సంఖ్యలూ ఒక్కొక్కసారి వచ్చాయి. వరుస తెలియనివాడికి ఇది చీటీలు తీసినట్లే ఉంటుంది. కానీ జాగ్రత్తగా చూడండి. ఒక బేసి సంఖ్య, ఒక సరి సంఖ్య, మళ్లీ బేసి, మళ్లీ సరి. ఇలా తప్పకుండా మారుతూ ఉన్నాయి. అంతకన్నా ముఖ్యం ఏమిటంటే, పద్ధతి తెలిసినవాడికి ఒక్క సంఖ్య దొరికితే చాలు, మిగతావన్నీ చెప్పేస్తాడు.

మొదలుపెట్టిన సంఖ్యను, అంటే ఇక్కడి 7ను, సీడ్ అంటారు. విత్తనం అన్నమాట. కంప్యూటర్లలో వాడే అసలు పద్ధతులు దీనికన్నా ఎన్నో రెట్లు బలమైనవి. వాటిలో బేసి సరి లాంటి లోపాలు కనిపించవు. ఒక సంఖ్యను చూసి తరువాతిది చెప్పడం కూడా సాధ్యం కాదు. కానీ ఎంత మంచి పద్ధతి అయినా విత్తనం తెలిసినవాడి ముందు దాచుకోలేదు. విత్తనాన్ని బట్టే పంట.

చూడటానికి చిందరవందరగా ఉండటం వేరు, ఊహకు అందకపోవడం వేరు. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తు పెట్టుకోవాలంటే ఇదే గుర్తు పెట్టుకోండి.

3. గడియారాన్ని విత్తనంగా వాడితే?

మరి విత్తనం ఎక్కడి నుంచి తేవాలి? గడియారం నిరంతరం మారుతూ ఉంటుంది కదా, అప్పటి సమయాన్ని విత్తనంగా తీసుకుంటే సరిపోతుంది కదా అని చాలామందికి అనిపిస్తుంది. 1990లలో పేరుపొందిన నెట్‌స్కేప్ బ్రౌజర్ దాదాపు ఇదే చేసింది. సమయం, దానితోపాటు కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములకు ఇచ్చే వరుస నంబర్లు రెండు కలిపి విత్తనం చేసింది. 1995లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇయన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ దాన్ని విప్పి చూపించారు.

వాళ్ల ఆలోచన సులభమే. సందేశం ఏ సెకనులో వెళ్లిందో బయటివాడికి కూడా తెలుస్తుంది. తెలియనిది ఆ సెకనులో ఎన్నో మైక్రోసెకను అన్నదే. సెకనుకు 10 లక్షల మైక్రోసెకన్లు. మనిషికి 10 లక్షలు పెద్ద లెక్క, కంప్యూటర్‌కు చిటికెలో పని. ప్రోగ్రాముల వరుస నంబర్లు కూడా పెద్ద రహస్యమేమీ కావు. అన్నీ ప్రయత్నించి చూస్తే సరైన విత్తనం దొరికిపోతుంది. కీ చాలా పొడవుగా ఉన్నా లాభం లేకపోయింది.

4. ఊహకు అందనితనాన్ని కొలవడం ఎలా?

బియ్యాన్ని కిలోల్లో, పాలను లీటర్లలో కొలిచినట్లు ఊహకు అందనితనాన్ని బిట్లలో కొలుస్తారు. ఈ కొలతకు ఎంట్రోపీ అని పేరు. 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా శాస్త్రవేత్త సమాచారానికి ఈ కొలతను ఇచ్చాడు.

మంచి నాణెం ఒకసారి ఎగరేస్తే 1 బిట్. రెండుసార్లు ఎగరేస్తే 4 ఫలితాలు, 2 బిట్లు. 20 సార్లు ఎగరేస్తే 10,48,576 ఫలితాలు, 20 బిట్లు. అంటే ఆరంకెల ఓటీపీలో ఉన్నది 20 బిట్లకు కాస్త తక్కువ. అందుకే బ్యాంకు ఓటీపీకి కొద్ది నిమిషాలే గడువు ఇస్తుంది, రెండు మూడుసార్లు తప్పు కొడితే ఆపేస్తుంది. ఆ గడువు, ఆ అడ్డు లేకపోతే 20 బిట్లు ఏ మూలకూ చాలవు.

నేడు తాళంచెవులకు కనీసం 128 బిట్లు కావాలంటారు. 128 సార్లు నాణెం ఎగరేసినట్లు. ఇందులో ఉండే అవకాశాల సంఖ్య 39 అంకెల పొడవు. సెకనుకు లక్ష కోట్ల చొప్పున ప్రయత్నించినా, విశ్వం పుట్టి గడిచిన 1,380 కోట్ల సంవత్సరాలకు కోట్ల రెట్లు కాలం పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నాణెం వంకరగా ఉండి 10సార్లకు 9సార్లు బొమ్మే పడుతుంటే అది 1 బిట్ ఇవ్వదు. దొంగ ఎప్పుడూ ఎక్కువగా వచ్చేదాన్నే ముందు ప్రయత్నిస్తాడు. కాబట్టి అన్నిటికన్నా ఎక్కువ అవకాశం దేనికి ఉందో దాన్ని బట్టి లెక్క కడతారు. ఆ లెక్కన ఈ వంకర నాణెం ఇచ్చేది సుమారు 0.15 బిట్ మాత్రమే. మంచి నాణెం ఒక్కసారి ఇచ్చినది ఇది ఇవ్వాలంటే ఏడుసార్లు ఎగరేయాలి. నేను వేసిన చీటీల్లో పదకొండు పేర్లున్నా ఎంట్రోపీ దాదాపు సున్నా.

5. ఎంట్రోపీని ఏరుకోవడం

లెక్కలో దొరకనిదాన్ని కంప్యూటర్ బయటి ప్రపంచం నుంచి, తన ఒంట్లోని విద్యుత్తు నుంచి ఏరుకోవాలి. పొలంలో పరిగె ఏరుకున్నట్లు కొంచెం కొంచెంగా పోగు చేసుకుంటుంది. ఎక్కడెక్కడ ఏరుకుంటుందో చూద్దాం.

(అ) మన చేతుల నుంచి: మీరు కీబోర్డు మీద టైపు చేస్తున్నప్పుడు ఏ అక్షరం నొక్కారన్నది కన్నా ఎప్పుడు నొక్కారన్నది ముఖ్యం. ప్రాసెసర్ లోపలి లెక్కింపు సెకనుకు 200, 300 కోట్ల అంచెలుగా నడుస్తుంది. మీరు సుమారుగా ఏ సెకనులో నొక్కుతారో పక్కవాడు చెప్పగలడు. సెకనులో కోటో వంతు వరకు మీరే చెప్పలేరు. ఆ చివరి అంకెలే పనికివచ్చేవి. మౌస్ కదలిక, డిస్కు జవాబు ఇచ్చే సమయం, నెట్‌వర్క్ నుంచి సమాచారం వచ్చే క్షణం కూడా ఇలాగే వాడతారు. లినక్స్‌లో ఈ ఏర్పాటును 1994లో థియోడర్ చో అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. మెరుగులు దిద్దుకుంటూ నేటికీ వాడుకలో ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉండేది కూడా లినక్సే కాబట్టి, మీ ఇంట్లో ఫోను కూడా ఈ పని చేస్తూ ఉంటుంది.

(ఆ) వేడి నుంచి: ఏ తీగలోనైనా ఎలక్ట్రాన్లు వేడి వల్ల ఊరికే అటూ ఇటూ కదులుతుంటాయి. దానివల్ల చాలా చిన్న వోల్టేజి హెచ్చుతగ్గులు పుడతాయి. 1928లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దీన్ని కొలిచాడు, నైక్విస్ట్ కారణం వివరించాడు. రేడియో తయారుచేసేవాళ్లకు ఇది బుస్సుమనే పనికిమాలిన శబ్దం. మనకు మాత్రం ఇది బంగారం. ఎందుకంటే తరువాతి క్షణంలో అది పెరుగుతుందో తగ్గుతుందో ఏ లెక్కా చెప్పలేదు.

(ఇ) గోడ మీద పిల్లి నుంచి: ఇంటెల్ 2012లో తెచ్చిన ప్రాసెసర్ల నుంచి చిప్పులోనే ఒక చిన్న సర్క్యూట్ పెట్టింది. రెండు నాట్ గేట్లను ఎదురెదురుగా కలిపితే అది 0 దగ్గరో 1 దగ్గరో నిలబడాలి. దాన్ని సరిగ్గా మధ్యలో, ఎటూ కాని స్థితిలో నిలిపి వదిలేస్తారు. గోడ మీద పిల్లి ఎటు దూకుతుందో ఎవరికి తెలుసు? అక్కడ ఉన్న వేడి కదలికే అటో ఇటో తోసేస్తుంది. ఈ పని సెకనుకు కోట్లసార్లు జరుగుతుంది.

(ఈ) వలయాల నుంచి: బేసి సంఖ్యలో నాట్ గేట్లను గుండ్రంగా కలిపితే ఆ వలయం ఎక్కడా నిలకడగా ఉండలేదు. 0, 1, 0, 1 అని ఊగుతూనే ఉంటుంది. వేడి వల్ల ఆ ఊపు ప్రతిసారీ రవ్వంత ముందుగానో ఆలస్యంగానో వస్తుంది. ఇంకో గడియారంతో ఆ వలయాన్ని చూస్తూ బిట్లు తీస్తారు. ఖర్చు తక్కువ కాబట్టి ఇది చాలా చిప్పుల్లో ఉంటుంది.

కంప్యూటర్ చిప్పులు రాకముందు కూడా మనుషులు ఈ దారినే వెళ్లారు. బ్రిటన్ ప్రభుత్వ పొదుపు బాండ్లకు బహుమతులు తీయడానికి ఎర్నీ అనే యంత్రాన్ని కట్టారు. 1957 జూన్‌లో మొదటి డ్రా తీసిన ఆ యంత్రం నియాన్ దీపాల్లో విద్యుత్తు హెచ్చుతగ్గులను వాడుకుంది. క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సంస్థ అయితే శాన్‌ఫ్రాన్సిస్కోలోని తన కార్యాలయంలో దాదాపు వంద లావా దీపాలను గోడకు పేర్చింది. ఆ దీపాల్లో రంగు మైనం కరిగి తేలే ఆకారాలను కెమెరాతో తీసి, ఆ బొమ్మలను మిగతా ఎంట్రోపీలో కలుపుతుంది.

6. ఏరినదాన్ని చెరగడం, కలపడం

పొలం నుంచి తెచ్చిన ధాన్యంలో రాళ్లూ తాలూ ఉన్నట్లే, ఇలా ఏరిన బిట్లలోనూ లోపాలుంటాయి. ఒక సర్క్యూట్ 1ల వైపు మొగ్గవచ్చు. అమెరికాలోని ర్యాండ్ సంస్థ ఎలక్ట్రానిక్ యంత్రంతో 10 లక్షల అంకెలు తీసి 1955లో పుస్తకంగా అచ్చువేసింది. అంత జాగ్రత్తగా కట్టిన యంత్రంలోనూ కొంత మొగ్గు కనిపించడంతో, అంకెలను ఒకదానితో ఒకటి కూడి చివరి అంకె మాత్రమే ఉంచుకుని సరిచేశారు.

మొగ్గు తీసేయడానికి జాన్ వాన్ న్యూమన్ 1951లో చెప్పిన ఉపాయం మీరు కూడా చేయవచ్చు. వంకర నాణేన్ని రెండేసిసార్లు ఎగరేయండి. బొమ్మ తరువాత బొరుసు వస్తే 1 రాయండి. బొరుసు తరువాత బొమ్మ వస్తే 0 రాయండి. రెండూ ఒకటే వస్తే వదిలేయండి. బొమ్మ అవకాశం 0.6 అనుకుంటే, మొదటిదానికి 0.6 × 0.4 = 0.24. రెండోదానికి 0.4 × 0.6 = 0.24. రెండూ సమానం! వంకర నాణెంతో సమానమైన తీర్పు వచ్చింది. సగానికి పైగా వృథా పోయినా పరవాలేదు. అయితే ఒక ఎగరవేతకూ ఇంకొకదానికీ సంబంధం ఉండకూడదు. ఉంటే ఈ ఉపాయం పనిచేయదు.

కంప్యూటర్లలో ఏరిన బిట్లన్నిటినీ ఒక కుండలో వేసి బాగా కలుపుతారు. ఇంగ్లీషులో దీన్ని పూల్ అంటారు. కలపడానికి హాష్ అనే పద్ధతి వాడతారు. పులిహోర కలిపాక ఏ మెతుకుకు ఎంత పసుపు అంటిందో వెనక్కి చెప్పలేనట్లు, హాష్ చేశాక లోపల ఏముందో వెనక్కి చెప్పలేం. కానీ గుర్తుంచుకోండి, కలపడం వల్ల ఎంట్రోపీ పెరగదు. 20 బిట్లు వేసి ఎంత కలిపినా 20 బిట్లే. అందుకే కొత్త లినక్స్‌లో కుండలోకి 256 బిట్లు చేరినట్లు లెక్క తేలాకే అది సిద్ధమైనట్లు భావిస్తారు. ఆ తరువాత ఆ విత్తనంతో మంచి లెక్క పద్ధతి ఒకటి కావలసినన్ని సంఖ్యలు ఇస్తుంది.

అనేకచోట్ల నుంచి ఏరడంలో ఇంకో లాభం ఉంది. ఒకచోటు చెడిపోయినా మిగతావి కాపాడతాయి. 2019లో ఏఎండీ రైజెన్ 3000 ప్రాసెసర్లు కొత్తగా వచ్చినప్పుడు, యాదృచ్ఛిక సంఖ్య అడిగితే ప్రతిసారీ అన్నీ 1లే ఇచ్చిన సందర్భం ఉంది. తరువాత దాన్ని సరిచేశారు. ఆ ఒక్కదాన్నే నమ్ముకున్న ప్రోగ్రాములు ఇబ్బంది పడ్డాయి. ఒకే విలువ వరుసగా మరీ ఎక్కువసార్లు వస్తే పట్టుకునే పరీక్షలు యంత్రంలోనే నడుస్తుండాలని నియమం ఉంది.

7. పుట్టిన వెంటనే పరీక్ష

అన్నిటికన్నా కష్టకాలం యంత్రం మొదటిసారి ఆన్ అయిన క్షణం. అప్పటికి ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. ఇంటర్నెట్ రౌటర్ లాంటి చిన్న పెట్టెలకు కీబోర్డూ ఉండదు, మౌసూ ఉండదు. చాలావాటికి సరైన గడియారం కూడా ఉండదు. కుండ ఖాళీగా ఉంటుంది. అదే సమయంలో అది తన తాళంచెవి తయారుచేసుకోవాలి!

2012లో అమెరికా పరిశోధకులు నదియా హెనింగర్, జకీర్ దురుమెరిక్, వుస్ట్రో, హాల్డర్‌మన్ ఇంటర్నెట్‌లోని యంత్రాల బహిరంగ కీలను పోగుచేసి చూశారు. ఇందులో ఒక రకం కీని రెండు చాలా పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి చేస్తారు. లబ్ధం అందరికీ తెలుస్తుంది, ఆ రెండు ప్రధాన సంఖ్యలు రహస్యం. అంత పెద్ద లబ్ధాన్ని కారణాంకాలుగా విడగొట్టడం ఎవరివల్లా కాదు. కానీ రెండు యంత్రాలకు ఒక ప్రధాన సంఖ్య ఉమ్మడిగా వస్తే? అప్పుడు పదో తరగతిలో చదివే గ.సా.భా. చాలు.

8051, 8633 తీసుకోండి. వీటిని విడగొట్టమంటే చాలాసేపు పడుతుంది. యూక్లిడ్ పద్ధతిలో గ.సా.భా. చేయండి.

8633ను 8051తో భాగిస్తే శేషం 582.
8051ను 582తో భాగిస్తే శేషం 485.
582ను 485తో భాగిస్తే శేషం 97.
485ను 97తో భాగిస్తే శేషం 0.

గ.సా.భా. 97. వెంటనే 8051 = 83 × 97, 8633 = 89 × 97 అని తేలిపోయింది. రెండు తాళాలూ ఒకేసారి ఊడిపోయాయి.

ఇలాగే పరిశోధకులు దాదాపు 64,000 యంత్రాల రహస్య కీలను బయటపెట్టగలిగారు. వాటిలో ఎక్కువ చిన్న నెట్‌వర్క్ పరికరాలే. ఒకే రకం పెట్టెలు ఒకే ఖాళీ కుండతో మొదలై ఒకే మొదటి ప్రధాన సంఖ్యను తీశాయి. రెండోది తీసేలోపు గడియారం కాస్త కదలడంతో అది వేరయింది. అలా ఒక సంఖ్య ఉమ్మడి, ఒకటి వేరు. దొంగకు అంతకన్నా ఏం కావాలి?

ఇంకో తప్పు డెబియన్ లినక్స్‌లో జరిగింది. 2006లో ఒక పరీక్ష ప్రోగ్రాం హెచ్చరిక ఇస్తోందని ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే భాగంలో కొన్ని పంక్తులు తీసేశారు. ఆ పంక్తులే ఎంట్రోపీని కుండలో వేసేవి. తరువాత విత్తనంగా మిగిలింది ప్రోగ్రాం వరుస నంబరు ఒక్కటే. అంటే ఒక్కో రకం కీకి 32,768 అవకాశాలు మాత్రమే, 15 బిట్లు. పైకి అంతా సవ్యంగా నడుస్తూ ఉండటంతో 2008 మే వరకు, దాదాపు 20 నెలలు, లోకానికి తెలియలేదు.

నా అనుభవం కూడా చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సర్వర్ సిద్ధం చేసి, దాన్నే నకలు తీసి మరో పన్నెండు యంత్రాలకు ఎక్కించాను. పని తొందరగా అయిందని సంతోషించాను. అన్నింటికీ ఒకే తాళంచెవి వెళ్లిందని నెల తరువాత ఒక సీనియర్ పట్టుకున్నాడు. రాత్రంతా కూర్చుని ఒక్కోదానికి కొత్త కీ చేయించాడు. ఆ రాత్రి నాకు స్టీలు గ్లాసు గుర్తొచ్చింది.

8. మన హాస్టల్లో న్యాయమైన చీటీ

ఎంట్రోపీ పాఠం నుంచి మీరు రేపే వాడుకోగల పద్ధతి ఒకటి చెబుతాను. పదకొండు మందిలో ఒకరిని ఎంచాలి అనుకోండి. చీటీలు ఒకరి చేతికి ఇవ్వకండి. పేర్లకు 0 నుంచి 10 వరకు నంబర్లు ఇచ్చి బోర్డు మీద రాయండి. పోటీలో ఉన్న ప్రతి ఒక్కరూ 0 నుంచి 10 లోపు ఒక సంఖ్యను రహస్యంగా కాగితం మీద రాసి బోర్లా పెట్టాలి. అందరూ పెట్టాక ఒకేసారి తిప్పాలి. అన్నీ కూడి 11తో భాగించండి. శేషం ఏ నంబరో వాళ్లే వెళ్తారు.

ఇందులో గొప్ప ఏమిటంటే, పదిమంది కూడబలుక్కున్నా ఫలితాన్ని తమవైపు తిప్పుకోలేరు. మిగిలిన ఒక్కడు ఎవరికీ అందకుండా, పాచిక వేసినట్లు తన సంఖ్యను రాస్తే చాలు, మొత్తం శేషమే ఊహకు అందదు. అయితే కాగితాలు ఒకేసారి తిప్పడం తప్పనిసరి. లేకపోతే చివరివాడు కూడిక చూసుకుని తన సంఖ్య మార్చేస్తాడు. కంప్యూటర్ కుండలో పలుచోట్ల నుంచి తెచ్చి కలపడం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే.

ఈ సంగతి నాకు తొమ్మిదో తరగతిలో తెలిసి ఉంటే అని కాదు. మోసం అని తెలిసే చేశాను. కానీ మా అందరికీ ఈ పద్ధతి తెలిసి ఉంటే నాలాంటివాడికి ఆ అవకాశమే ఉండేది కాదు. నీటి పంపు నమూనా చేసిన మిత్రుడు ఈ సంచిక చదివితే నన్ను క్షమించాలి. మంచితనం మీద ఆధారపడే చీటీ కన్నా ఎవరు తీసినా ఒకేలా ఉండే చీటీ మేలు.

గుర్తుంచుకోవలసిన అంశాలు

• లెక్క కొత్త ఎంట్రోపీని పుట్టించలేదు. దాన్ని బయటి నుంచి ఏరుకోవాలి.
• తాళం బలం కీ పొడవులో లేదు, విత్తనం ఎంత ఊహకు అందదో అందులో ఉంది.
• సంఖ్యలు చూసి ఇవి యాదృచ్ఛికమని నిరూపించలేం. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలి.
• ఒకేచోటును నమ్మకూడదు. పలుచోట్ల నుంచి తెచ్చి కలపాలి.
• కుండ నిండేదాకా తాళంచెవి చేయకూడదు.

అభ్యాసం

1. 7కు బదులు 2తో మొదలుపెట్టి 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించే వరుస రాయండి. పాత వరుసతో పోల్చి ఏం గమనించారో చెప్పండి.
2. సోడా సీసా మూతను కాస్త వంచి 100 సార్లు ఎగరేయండి. ఏ వైపు ఎన్నిసార్లు పడిందో రాయండి. తరువాత వాన్ న్యూమన్ ఉపాయం వాడి ఎన్ని బిట్లు మిగిలాయో, వాటిలో 1లు, 0లు ఎన్నో లెక్కపెట్టండి.
3. 2491, 2867 సంఖ్యలకు ఉమ్మడి ప్రధాన కారణాంకం ఉంది. యూక్లిడ్ పద్ధతిలో కనుక్కొని రెండింటినీ విడగొట్టండి. (జవాబు: 47)

తమ్ముళ్లూ! ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాస్తున్నవారందరికీ నా శుభాకాంక్షలు. కంప్యూటర్ ముందు కూర్చునే అవకాశం వచ్చినప్పుడు అది ఏం చేస్తోందో చూసి ఊరుకోకండి, ఎలా చేస్తోందో అడగండి.

– మీ పూర్వ విద్యార్థి